సువాసనకు స్వాగతము

పడిశము పది రోగముల పెట్టు అని పెద్దలు చెప్పిన మాట వినబడని తెలుగు ఇల్లుండదు. సంస్కృత వైద్యగ్రంథములలోని ప్రతిశ్యాయమే వాడుకలో నలిగి నలిగి పడిశమైనది. రొంప యన్నను, జలుబన్నను అదియే. పగటివేళ పనుల సందడిలో దానిని ఎట్లో ఓర్చుకొందుము. రాత్రి దిండుపై తల వాల్చగానే ముక్కు దిబ్బడ వేయును. కనుబొమల నడుమ బరువెక్కును. నోటితో ఊపిరి పీల్చి పీల్చి గొంతు ఎండిపోవును. అట్టి సమయమున చేయి మన ఆజ్ఞ కొఱకు వేచియుండదు. ఒక వ్రేలు కనుబొమ మొదటను, ఒక వ్రేలు ముక్కు ప్రక్కను చేరి నొక్క మొదలిడును.

మా చిన్నతనమున మా యింట ఈ పని మా అమ్మమ్మది. ఎవరికి రొంప పట్టినను ఆమె పసుపు వేసి కాచిన నీటి ఆవిరి పట్టించి, రోగి తలను ఒడిలో పెట్టుకొని, అమృతాంజనము రవ్వంత వ్రేలికి తీసికొని కణతలను, కనుబొమలను, ముక్కు ప్రక్కలను ఒత్తుచుండెడిది. "ఇక్కడనా? ఇక్కడనా?" అని అడుగుచు వ్రేలు జరిపెడిది. "ఆ, అక్కడే!" అనగానే వ్రేలిని అచట నిలిపెడిది. ఆమె ఏ శాస్త్రమును చదువలేదు. కాని ఆ వ్రేలి కదలికకు రెండువేల ఏండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రను కొంత చెప్పుకొని, ఈ ఒత్తిడి వలన మనకు కలుగునది ఎంత, కలుగనిది ఎంత అని విచారింతము.

సూది గ్రుచ్చక, వ్రేలితో నొక్కి బాధను తగ్గించుకొను ఈ పద్ధతిని నేడు ఆక్యుప్రెషరు అనుచున్నారు. పద్ధతి పాతది, పేరు క్రొత్తది. లాటిను భాషలో 'ఆకుస్' అనగా సూది. ఆ మాట నుండియే 1683లో లండనున అచ్చయిన తన గ్రంథములో విల్లెం టెన్ రైన్ అను డచ్చి వైద్యుడు చీనా, జపానుల సూచీవైద్యమునకు ఆక్యుపంక్చరు అని నామకరణము చేసెను. ఆక్యుప్రెషరు అను మాట 1859లో ఎడింబరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ వ్రాతలలో కనబడును గాని, అచట దాని అర్థము వేఱు. శస్త్రచికిత్సలో తెగిన రక్తనాళమును సూదితో అదిమి రక్తస్రావమును ఆపుటకు ఆయన ఆ పేరు పెట్టెను. సూది లేని వైద్యమునకు సూది పేరు నిలిచిపోవుట వింతయే.

ఈ విద్యకు పుట్టినిల్లు చీనా దేశము. 1973లో హునాన్ రాష్ట్రమున చాంగ్‌షా నగరము చెంత మవాంగ్‌డుయ్ అను చోట ఒక ప్రాచీన సమాధిని త్రవ్విరి. అది క్రీ. పూ. 168లో మూయబడినది. అందు పట్టుగుడ్డపై వ్రాసిన వైద్యగ్రంథములు దొరకెను. దేహమునందు పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి సాగు మార్గములు వానిలో వర్ణింపబడినవి. ఆ మార్గములపై వేడి తగిలించు చికిత్స చెప్పబడినది గాని, పేరు పెట్టిన స్థానములు అప్పటికింకను లేవు. అచటనే నలువదినాలుగు మంది స్త్రీపురుషులు దేహమును వంచుచు, చాచుచు వ్యాయామము చేయుచున్నట్లు చిత్రించిన పటము గూడ లభించెను. మనుష్యుడు వైద్యుని రాకకు ఎదురుచూడక తన దేహమును తానే చక్కబెట్టుకొనుట అంత పాతదన్నమాట.

అటుపిమ్మట స్థానములకు పేర్లు వచ్చెను. పసుపు చక్రవర్తి పేరిట సంకలితమైన 'హ్వాంగ్‌డీ నెయ్‌జింగ్' అను గ్రంథమున, బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమనున్న 'హగూ' అను స్థానము కానవచ్చును. హగూ అనగా కలిసిన లోయ. క్రీ. శ. 3వ శతాబ్దిలో హ్వాంగ్‌ఫూ మీ అను విద్వాంసుడుండెను. ఆయన 215 మొదలు 282 వఱకు జీవించెను. తానే వాతరోగపీడితుడై, అంతవఱకు చెల్లాచెదరుగా నున్న సూచీవైద్య విషయములనెల్ల ఒక్క గ్రంథముగా కూర్చి, 349 స్థానములను నిర్దేశించెను. ముక్కుపుటము ప్రక్కనున్న గాడిలోని స్థానము ఆ గ్రంథమున కలదు. దాని పేరు 'యింగ్‌షియాంగ్'. అనగా సువాసనకు స్వాగతము! ముక్కు మూసికొనిపోయి మల్లెల వాసనయు, పోపు వాసనయు తెలియని రోగికి ఇంతకంటె ఊరట కలిగించు పేరేమి కావలెను? మెడ వెనుక పుఱ్ఱె క్రింద నుండు రెండు గుంటలకు 'గాలి కొలను' అని పేరు. జలుబు గాలివలన వచ్చునని వారి తలంపు. చలిగాలి సోకినదని మనమును అందుము గదా.

ఇదే ముఖమును, ఇదే చేతిని మన పూర్వులు ఎట్లు చూచిరి? సుశ్రుతసంహితలోని శారీరస్థానమున 107 మర్మములు చెప్పబడినవి. వానిలో ఫణములు రెండు. అవి నాసామార్గమునకు ఇరుప్రక్కల నుండును. అచట గాయమైనచో వాసన తెలియు శక్తి నశించునని సుశ్రుతుడు చెప్పెను. కాలి బొటనవ్రేలికి దాని ప్రక్క వ్రేలికి నడుమ క్షిప్రమను మర్మము కలదు. చేతికిని అదియే వర్తించును. అచట గట్టి దెబ్బ తగిలినచో ఈడ్పులు వచ్చి మరణము సంభవించునని ఆయన హెచ్చరించెను. హగూ ఉన్నదియు, క్షిప్రము ఉన్నదియు ఇంచుమించు ఒకే చోట. ఒక జాతి సువాసనకు స్వాగతమని పేరు పెట్టిన తావును, మఱియొక జాతి వాసనను పోగొట్టు తావుగా గుర్తించినది.

దీనిని బట్టి రెండును ఒకే శాస్త్రమనుట తొందరపాటగును. సుశ్రుతుడు శస్త్రవైద్యుడు. బాణము నాటిన దేహమును, కత్తి దిగిన దేహమును చూచినవాడు. మర్మమనగా ఆయన దృష్టిలో కత్తి తగులకుండ కాచుకొనవలసిన చోటు. చీనా వైద్యునకో, అది చేయి వేసి మేలు చేయదగిన చోటు. ఇరువురును ఎదుటి దేహమును శ్రద్ధతో పరిశీలించిరి. ఎవరి అక్కఱను బట్టి వారు గ్రంథము వ్రాసికొనిరి. నేడు మన యూళ్లలో మర్మచికిత్స పేరిట చేయు ఒత్తిళ్లనన్నిటిని సుశ్రుతునికి అంటగట్టువారు ఈ భేదమును గమనింపవలెను.

అయినను, దేహమును ఒక చోట ఒత్తి ముక్కును తెఱచు ఉపాయము మన దేశమునను లేకపోలేదు. యోగులు చంక క్రింద ఆనించుకొని కూర్చుండు యోగదండమును బొమ్మలలోనైన చూడనివారుండరు. ఎడమ ముక్కున ఆడునది ఇడ, కుడి ముక్కున ఆడునది పింగళ. కుడి చంకను ఒత్తినచో ఎడమ ముక్కు తెఱచుకొనునని, ఎడమ చంకను ఒత్తినచో కుడి ముక్కు తెఱచుకొనునని స్వరశాస్త్రము నెఱిగినవారు చెప్పుదురు. ఇది వట్టి నమ్మకము కాదు. రెండు ముక్కురంధ్రములు కొన్ని గంటల కొకసారి వంతులు వేసికొన్నట్లు ఒకటి బిగియుచు, ఒకటి విచ్చుకొనుచు నుండునని 1895లో రిచర్డ్ కైజర్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. చంకలో ఒత్తిడి కలిగించినపుడు ఆ ప్రక్క ముక్కు బిగిసి, రెండవ ప్రక్కది విచ్చుకొనుటను 20వ శతాబ్ది శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. జలుబు చేసిననాడు కుడి ప్రక్కకు ఒత్తిగిలి పరుండినచో ఎడమ ముక్కు వదులగుట మనకందఱకును అనుభవమే.

ఈ రెండు దేశముల దేహవిద్యలు ఒకదానినొకటి ఎఱుగక యుండెనా? క్రీ. శ. 7వ శతాబ్దికి పోయి చూతము. సన్ సిమియావో అను మహావైద్యుడు 652లో వేయి బంగారు నాణెముల విలువ గలదను అర్థము వచ్చు పేరుతో ఒక చికిత్సాగ్రంథమును వ్రాసెను. అందు పదునెనిమిది విధములైన అంగమర్దనము వర్ణించి, ఇది భారతదేశపు పద్ధతియనియు, బ్రాహ్మణుల పద్ధతియనియు స్పష్టముగా పేర్కొనెను. విల్లు లాగినట్లు చేతులు చాచుట, పులి చూచినట్లు తల త్రిప్పుట మొదలగునవి అందలి విధములు. అన్నియు ఎవరికి వారు చేసికొనదగినవే. వృద్ధులు దినమునకు ముమ్మారు చేసినచో నెలదినములలో రోగములు వదలి గుఱ్ఱములతో సమానముగా పరుగెత్తుదురని గూడ వ్రాసెను. గుఱ్ఱపు పరుగు మాట అట్లుంచినను, ఒంటికి చుఱుకు వచ్చుననుటలో సందేహము లేదు. ఆ కాలముననే హ్యూయన్‌త్సాంగు మన కృష్ణాతీరమునకు వచ్చి, ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచి శాస్త్రములు చదివి, 645లో తన రాజధాని చాంగాన్ చేరెను. ఆ రాకపోకల దారిలో ధర్మగ్రంథములతో బాటు దేహవిద్యయు ప్రయాణము చేసెననుటకు సన్ సిమియావో వ్రాతయే సాక్ష్యము.

671లో బయలుదేరి భారతదేశమునకు వచ్చిన ఇత్సింగు అను భిక్షువు ఇరు దేశముల వైద్యములను పోల్చి చూచెను. సూచీవైద్యమునను, నాడిని పరీక్షించుటయందును జంబూద్వీపమున తన దేశమును మించినది లేదని గర్వముతో వ్రాసికొనెను. మనవారు రోగము రాగానే ముందు ఉపవాసము చేయుటను మాత్రము మిక్కిలి మెచ్చుకొనెను. లంకణము పరమౌషధమను మన నానుడి ఆయన చెవిని పడియే యుండును.

సన్ సిమియావో గ్రంథమున మఱియొక ముచ్చట కలదు. పేరు గల స్థానములు గాక, రోగి దేహమును నొక్కుచు పోగా ఎచట హాయి గాని నొప్పి గాని తోచి "ఆ, అదే!" అనునో అదియును చికిత్సాస్థానమే యని ఆయన చెప్పెను. ఆ స్థానమునకు చీనా భాషలో పేరు 'ఆ షీ'. అనగా "ఆ, అదే!" అనియే అర్థము. మా అమ్మమ్మ "ఇక్కడనా?" అని అడిగినపుడు మేము చెప్పిన జవాబు పదమూడువందల ఏండ్లకు పూర్వమే వైద్యగ్రంథమున కెక్కినదని పెద్దయైన తరువాత తెలిసి ఆశ్చర్యపడితిమి.

చేతికి తెలిసిన ఈ విద్యను పరీక్షకు నిలుపవలెనను కోరిక సుంగు చక్రవర్తుల కాలమున కలిగెను. 1027లో వాంగ్ వెయ్‌యీ అను రాజవైద్యుడు నిలువెత్తు కంచు మనుష్యులను ఇద్దఱిని పోతపోయించెను. దేహముపై స్థానములున్న చోట్లనెల్ల రంధ్రములు చేయబడెను. ఒక బొమ్మను వైద్యసంస్థలోను, ఒకదానిని కైఫెంగు నగరమందలి దేవాలయమునను ఉంచిరి. పరీక్షకై బొమ్మపై మైనము పూసి, లోపల ద్రవము నింపెడివారనియు, విద్యార్థి సూదిని సరియైన చోట దింపినచో ద్రవము వెలికి వచ్చెడిదనియు చెప్పుదురు. ముఖమునకు, నోటికి సంబంధించిన బాధలకు హగూను ఆశ్రయింపుమని మింగు కాలపు విద్యార్థులు పద్యరూపమున వల్లె వేసిరి. ముక్కుదిబ్బడకు చేతిని నొక్కుమనుట మనకు వింతగా తోచును గాని, ఆ స్థానము ముఖమునకు పోవు మార్గము మీదిదని వారి సిద్ధాంతము.

ఇంతటి ప్రతిష్ఠ గడించిన విద్యకు గ్రహణము గూడ పట్టెను. చక్రవర్తి దేహమునకు సూదులు తగవని 1822లో దావ్‌గ్వాంగ్ చక్రవర్తి రాజవైద్యసంస్థలో ఆ శాఖను మూసివేయించెను. రాజు తలుపు మూసినను ఇండ్లలో చేతులు ఆగలేదు. జపానులో తొకుజిరో నమికోషి అను బాలుడు తల్లి కీళ్లనొప్పులను వ్రేళ్లతో ఒత్తుచు నేర్చిన విద్య షియాత్సు, అనగా వ్రేలి ఒత్తిడి, అను పేరిట విస్తరించి, 1955లో ఆ దేశపు చట్టమున చోటు సంపాదించెను. 1938లో చీనాకు వెళ్లిన ఐదుగురు భారతీయ వైద్యులలో కోట్నీసు సహచరుడైన బిజయ్ కుమార్ బసు తరువాతి కాలమున మరల అచటికి పోయి, సూచీవైద్యము నేర్చి, కలకత్తాలో ఆరంభించెను.

1963 నుండి చీనా పాఠశాలలలో జరిగిన ఒక ఏర్పాటు రేడియో శ్రోతలకు ప్రత్యేకముగా రుచింపగలదు. శబ్దవర్ధక యంత్రముల నుండి సంగీతము, లెక్క పెట్టు గొంతు వినబడగానే తరగతిలోని పిల్లలందఱు కనులు మూసికొని, కనుబొమ మూలలను, ముక్కుదూలము ప్రక్కలను, చెంపలను తమ వ్రేళ్లతో తామే నొక్కుకొనెడివారు. జలుబునకు చెప్పు స్థానములు కొన్ని ఇందును కలవు. ఉద్దేశము మాత్రము కంటిచూపును కాపాడుట. కోట్లాది పిల్లలు, దశాబ్దుల తరబడి, చేసిరి. అయినను ఆ దేశమున హ్రస్వదృష్టి పెరుగుచునే వచ్చెను. ఎక్కువమంది చేయుటయు, ఎక్కువ కాలము చేయుటయు ఫలితమునకు రుజువు కాజాలవని దీనివలన తెలిసికొనదగును.

మఱి జలుబు విషయమున నేటి శాస్త్రము ఏమనుచున్నది? చెంప ఎముకలోని గాలిగదిని 1651లో నథానియల్ హైమోర్ అను ఆంగ్ల వైద్యుడు వివరముగా వర్ణించెను. అట్టి గదులే నొసటను, కనుల నడుమను కలవు. వీనినే సైనసులనుచున్నాము. జలుబు చేసినపుడు ముక్కు లోపలి పొర ఉబ్బి ఈ గదుల సన్నని ద్వారములు మూసికొనును. అందువలననే ముఖము బరువు. జలుబు కలిగించు సూక్ష్మజీవులలో ముఖ్యమైన రైనోవైరసును 1956లో గుర్తించిరి. అందు నూటికి మించిన రకములున్నవని తరువాత తేలెను. చర్మముపై ఎంత నొక్కినను ఆ వైరసు చావదు. జలుబు ఎన్నాళ్లుండవలెనో అన్నాళ్లుండును. మందు వేసికొన్న వారము, వేసికొననిచో ఏడు రోజులు అను పరిహాసము సత్యమునకు దూరము కాదు.

అట్లయిన మనకు కలుగు హాయి అబద్ధమా? కాదు. ముఖమునందలి స్పర్శనాడులు ఒత్తిడిని మెదడునకు తెలుపును. నెమ్మదిగా ఊపిరి తీయుచు కూర్చుండుటచే బిగువు సడలును. బరువు తగ్గినట్లు తోచును. అమృతాంజనములోని పుదీనాపువ్వు సంగతియు ఇట్టిదే. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో నెలకొల్పిన ఆ లేపనము మన ఇండ్ల గూళ్లలో చోటు సంపాదించినది. పుదీనాపువ్వు చల్లదనము సోకగానే ముక్కు తెఱచుకొన్నట్లు తోచును. కొలిచి చూచినచో దారి వెడల్పు దాదాపు అంతే యుండును. ఒత్తిడి వైద్యముపై జరిగిన పరీక్షలు చిన్నవి. ఉపశమనము కలిగెనని కొందఱు చెప్పినను, గట్టి రుజువు ఇంకను రాలేదు. పైగా ముక్కురంధ్రముల వంతులాట ఉండనే యున్నది. తనంతట తెఱచుకొన బోవు వేళకు మన వ్రేలు అచట నున్నచో, ఆ కీర్తి వ్రేలికే దక్కును.

ఇంతమాత్రమే ఆశించువారు దీనిని నిరభ్యంతరముగా చేసికొనవచ్చును. చేతులు సబ్బుతో కడుగుకొని, గోళ్లు తగులకుండ, ముక్కుపుటముల ప్రక్కల గాడిలో రెండు చూపుడువ్రేళ్లను ఉంచి, ఒకటి రెండు నిమిషములు నిదానముగా ఒత్తవలెను. పిమ్మట కనుబొమల మొదళ్లను, అటుపిమ్మట మెడవెనుక గుంటలను అట్లే చేయవలెను. హగూ కొఱకు ఒక చేతి బొటనవ్రేలితో రెండవ చేతి కండను నొక్కుదురు; గర్భవతులకు ఆ స్థానము కూడదని సంప్రదాయము. కనుగ్రుడ్డుపై ఒత్తరాదు. పుండ్లు, వాపులు ఉన్నచోట చేయి పెట్టరాదు. పదిదినములు దాటినను తగ్గనిచో, తగ్గినట్లు తగ్గి మరల తీవ్రమైనచో, గట్టి జ్వరము గాని, కంటి చుట్టు వాపు గాని, చూపు మసకబాఱుట గాని, మెడ బిగియుట గాని కనబడినచో వైద్యునియొద్దకు పోవలెను. సైనసు గదులకు కంటికి నడుమ నుండునది పలుచని ఎముక. మెదడును ఎంతో దూరమున లేదు.

ఈ హద్దు మాకు గ్రంథముల వలన తెలిసినది కాదు. ఒకయేడు శీతకాలమున మా పెదతండ్రిగారి కుమారునికి రొంప పట్టెను. అమ్మమ్మ మూడు రాత్రులు ఒత్తెను. వాడు హాయిగా నిద్రపోయెను. నాలుగవనాడు ఎప్పటివలె తలను ఒడిలోనికి తీసికొని, కనుబొమపై వ్రేలు ఉంచి, వెంటనే తీసివేసెను. దీపము దగ్గఱకు తెమ్మని చూచెను. ఎడమ కంటి ఱెప్ప ఉబ్బి, ఎఱ్ఱబాఱి, కాలుచుండెను. ఇండ్లలోని ఆడవారు "ఇంకొంచెము ఒత్తి చూడరాదా, అత్తయ్యా?" అనిరి. "ఇది నా చేతి పని కాదు. బండి కట్టుడు" అని ఆమె లేచెను. తెల్లవాఱులోగా వానిని పట్నపు ఆసుపత్రికి చేర్చిరి; అచట పదిదినములు సూదిమందులిచ్చిరి. ఒక్కరోజు జాగు చేసియున్నచో కన్ను దక్కెడిది కాదని డాక్టరు చెప్పెను.

వాడు ఇంటికి వచ్చిన రాత్రి, మల్లెలు లేని కాలమగుటచే, అమ్మమ్మ ఒక మరువపు రెమ్మ నలిపి వాని ముక్కు దగ్గఱ పెట్టి, "వాసన వచ్చుచున్నదా?" అని అడిగెను. వచ్చుచున్నదని వాడు తల ఊపెను.